బావికి బదులు పెయ్య

నారాయణస్వామి నన్ను మోసం చేశాడు. ఈ మాట నేను సదుం సంతలో చెప్పాను, పుంగనూరు బస్టాండులో చెప్పాను, మదనపల్లె టమోటా మార్కెట్టులో వేలం పాట ఆగినప్పుడల్లా చెప్పాను. విన్నవాళ్ళు ఎట్లా మోసం చేశాడు అని అడుగుతారు. చెప్పడం మొదలుపెడితే సగంలోనే నవ్వుతారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇక్కడ నవ్వుకుంటే నాకు కనపడదు.

మా ఊరు సదుం దగ్గర. నాకు మూడెకరాల చిల్లర మెట్ట ఉంది. పక్క పొలం నారాయణస్వామిది. మా రెండు పొలాలు కలిసే చోట, నా మూలలో, మా తాత తవ్వించిన బావి ఒకటి ఉండేది. నాలుగు మట్ల బావి. మట్టు అంటే మనిషి చేతులెత్తి నిలబడితే ఎంత ఉంటాడో అంత. నాలుగు మట్లంటే ఇరవై ఎనిమిది అడుగులు. నా కాలానికి అది బావిగా లేదు, గుంతగా ఉంది. లోపల కంపచెట్లు మొలిచాయి. ఇంట్లో ఏది విరిగినా తీసుకుపోయి అందులో వేసేవాళ్ళం.

నేను బోర్లు వేయించే మనిషిని. మొదటి బోరు తొమ్మిది వందల అడుగులు. రెండోది పదకొండు వందలు. మూడోది పన్నెండు వందల యాభై. మూడోదాంట్లో ఒకటిన్నర రోజు తెల్లటి రాతిపొడి వచ్చింది, చుక్క నీళ్ళు రాలేదు. ఆ పొడితో మా వీధిలో ఆడవాళ్ళు ఏడాది పాటు ముగ్గులు వేసుకున్నారు. అయినా నేను తలదించుకోలేదు. మా వైపు బోరు లోతుని బట్టే మనిషికి మర్యాద. టీ అంగడి దగ్గర కొత్తవాళ్ళెవరైనా వస్తే, ఈయన పన్నెండు వందల యాభై అని నన్ను చూపించేవాళ్ళు. నారాయణస్వామి ఆరు వందల దగ్గర ఆపేశాడు. అతన్ని ఎవరూ చూపించేవాళ్ళు కాదు.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణే గానీ ఈపాటి లెక్క తెలుసు. పన్నెండు వందల యాభై అడుగుల్లో లేని నీళ్ళు ఇరవై ఎనిమిది అడుగుల్లో ఎట్లా ఉంటాయి? ఈ లెక్కలో తప్పెక్కడుందో చెప్పమని ఊళ్ళో అందర్నీ అడిగాను. ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు.

అట్లాంటి సమయంలో నారాయణస్వామి కుప్పం పోయి ఒక పెయ్యదూడను ఆటోలో వేసుకొచ్చాడు. తెల్లగా, నా మోకాలెత్తున, చెవులాడిస్తూ దిగింది. పుంగనూరు పెయ్యంట అన్నారు. పుంగనూరు పొట్టి ఆవుల గిరాకీ అందరికీ తెలిసిందే. ఫోన్లో వీడియోలు వస్తాయి, ఎవరో పెద్దింటివాళ్ళు సోఫా పక్కన పొట్టి ఆవును నిలబెట్టుకుని దాని మెడలో పూలదండ వేస్తుంటారు. జత లక్షల్లో పలుకుతుందంటారు. పుంగనూరు మా ఊరికి అరగంట దూరం. పుంగనూరు పెయ్యను కొనడానికి ఒక మనిషి కుప్పం దాకా ఎందుకు పోయాడని నాకు అప్పుడే తోచి ఉండాలి. తోచలేదు. నేను దాని కాళ్ళ పొట్టితనం చూస్తున్నాను.

నాకు ఇచ్చేయమని అడిగాను. నారాయణస్వామి తల గోక్కున్నాడు.

"అది పుంగనూరుదో కాదో నాకు తెలీదప్పా. బ్రోకరు చెప్పినాడు, తెచ్చినా. మూడు నెల్ల దూడ ఏదైనా పొట్టిగానే ఉంటాది గదా" అన్నాడు.

ఇవ్వడం ఇష్టం లేక అట్లా అంటున్నాడనుకున్నాను. ఎవడైనా తన సరుకును తానే తక్కువ చేసి చెప్పుకుంటున్నాడంటే, దాన్ని దాచుకోవాలని చూస్తున్నాడనే కదా అర్థం. నేను వదల్లేదు. నాలుగు రోజులు వాళ్ళ కొట్టం చుట్టూ తిరిగాను. ఐదో రోజు అతని భార్య ప్రమీలమ్మ, చెనక్కాయలు వలుస్తూనే, తలెత్తకుండా, ఆ మూలుండే బాయి ఇచ్చి తోలుకపో అంది.

నాకు నవ్వాగలేదు. బయటికి నవ్వితే బేరం చెడుతుందని పక్కకు తిరిగి దగ్గాను. చెత్త గుంత ఇచ్చి పుంగనూరు పెయ్యను తెచ్చుకోవడమంటే, నా చెత్త ఎత్తిపోసినందుకు వాళ్ళు నాకు ఎదురిచ్చినట్టే. వాళ్ళకు ఆలోచించుకునే సమయం ఇవ్వకుండా రెండో రోజే పుంగనూరు తీసుకెళ్ళి బావి మూల రిజిస్టరు చేయించాను. దస్తావేజు రాసేవాడు బదులుగా ఏమిచ్చారో రాయాలన్నాడు. పెయ్య అన్నాను. పెయ్య అని రాయడం కుదరదన్నాడు. పుంగనూరు పెయ్య అన్నాను. అదీ కుదరదన్నాడు. చివరికి ఏదో అంకె వేసి ముగించాడు.

పెయ్యకు చిట్టి అని పేరు పెట్టాను. మా ఇంటి వసారా స్తంభానికి ఆనించి నిలబెట్టి, దాని వీపు దగ్గర సున్నంతో గీత పెట్టాను. పిల్లలకు పెట్టినట్టు. పుంగనూరు ఆవు మూడడుగులు దాటడం అరుదని విన్నాను కాబట్టి మూడడుగుల దగ్గర ముందే ఒక ఎర్ర గీత గీసి ఉంచాను. ఆరో నెలకు తెల్ల గీత ఎర్ర గీత దగ్గరికి వచ్చింది. చలికాలానికి దాటింది. గంగమ్మ జాతర నాటికి గీత పెట్టడానికి నేను చెయ్యెత్తాల్సి వచ్చింది. నా భార్య ఆదిలక్ష్మి స్తంభం చూసి, దూలం దాకా గీతలు పెడతావా, ఆడ నిలిపేస్తావా అని అడిగింది. పశువుల డాక్టరు వచ్చి టేపు పెట్టాడు. నాలుగున్నర అడుగులు. ఇంకా పెరిగే వయసేనన్నాడు. ఇది ఏ జాతి అని అడిగితే, పెద్ద జాతి అన్నాడు.

నేను నేరుగా నారాయణస్వామి ఇంటికి పోయి నిలదీశాను. నేను ఆ పొద్దే చెప్పినా గదప్పా అన్నాడు. చెప్పాడు, కాదనను. కానీ నమ్మేటట్టు చెప్పలేదు. మోసమంటే ఇంకెట్లా ఉంటుంది?

ఈలోపల ప్రమీలమ్మ బావిలో దిగింది. మనుషుల్ని పెట్టి పన్నెండు రోజులు పూడిక తీయించింది. మూడు టైర్లు, ఒక టీవీ, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, నా పెళ్ళినాటి ట్రంకుపెట్టె పైకొచ్చాయి. వాటన్నిటినీ వరసగా గెనిమ గట్టు మీద పేర్చి, వెంకటేశులప్పా నీ సామాన్లు తీసుకుపో అని కబురు పంపింది. ఆ దారిన పోయేవాళ్ళంతా ఆగి, ఒక్కొక్కటీ చూసి పోయారు. మూడున్నర మట్ల దగ్గర, ఎగువ కుంట ఉన్న వైపు నుంచి, బొటనవేలంత ఊట పడింది. ఆ రోజు ఊరంతా అక్కడికి పోయింది. నేను పోలేదు. వానలకు తడిసిన నేల కారుతోంది, నాలుగు రోజుల్లో ఆగిపోతుందని ఇంట్లో కూర్చునే చెప్పాను.

అది ఆగలేదు.

తర్వాత మదనపల్లె నుంచి వాణి అని ఒకామె వచ్చింది. నీళ్ళ పరీక్షలు చేసే ఉద్యోగం. ఆమె ఏం చెబితే ప్రమీలమ్మ అది చేసింది. నడుమెత్తు గోడ కట్టించింది. పైనుంచి పది అడుగుల వరకు లోపలి రాళ్ళ సందులు సిమెంటుతో పూడ్పించింది, మురికి నీళ్ళు పక్కల నుంచి దిగకుండా. చుట్టూ గచ్చు, పారిన నీళ్ళు దూరంగా పోవడానికి కాలువ, పైన ఇనుప జల్లెడ మూత. ఒకటే బక్కెట, ఒకటే తాడు. ఎవరి బిందె వాళ్ళు ముంచకూడదు. చెప్పులు గచ్చు కింద వదలాలి. గొడ్ల తొట్టి నలభై అడుగుల అవతల. లెక్క ప్రకారం బ్లీచింగ్ పొడి. అన్నీ అయ్యాక వాణి నా ఎరువు దిబ్బ చూసింది. అది బావికి ఇరవై అడుగుల్లో ఉంది. తీసేయాలంది. నా దిబ్బ నా పొలంలో ఉంది, తీయనన్నాను. నేను మార్కెట్టుకు పోయిన రోజు చూసి ప్రమీలమ్మ దిబ్బనంతా తవ్వి, మోయించి, నా పై మడిలో చల్లించింది. నా అనుమతి లేకుండా నా పొలానికి ఎరువు తోలిన మనుషులు వీళ్ళు. ఆ ఏడు వానలకు ఆ మడిలో టమోటా బాగా కాసింది. అది వేరే విషయం.

పోయిన ఎండాకాలం బోర్లన్నీ పోయాయి. పంచాయతీ బోరు గాలి ఊదింది. ట్యాంకరు మూడు రోజులకొకసారి వచ్చేది, వచ్చినప్పుడు బిందెల కంటే తిట్లు ఎక్కువ నిండేవి. ఊరికంతా తాగే నీళ్ళు ఆ నాలుగు మట్ల బావిలోనే. ఇంటికి ఆరు బిందెలు. ప్రమీలమ్మ గోడ పక్కన పీట వేసుకుని కూర్చుని లెక్క చూసేది. పైసా తీసుకునేది కాదు. అది నాకు మరీ మంటగా ఉండేది. డబ్బు తీసుకుంటే కనీసం నా బావితో డబ్బు చేసుకుంటున్నారని చెప్పుకోవడానికైనా ఉండేది.

అయితే ఒక విషయం వాళ్ళు మరిచిపోయారు. బావి మూల వాళ్ళదే, ఊరి నుంచి బావికి పోయే గెనిమ మాత్రం నాది. నారాయణస్వామి పొలం వైపు నుంచి పోవాలంటే వంక దిగి ఎక్కి కిలోమీటరు చుట్టు. నేను గెనిమకు అడ్డంగా కంప నరికి వేశాను.

దాంతో ఊళ్ళో నాతో మాటలు తగ్గాయి. ఆడవాళ్ళు బిందెలెత్తుకుని వంక దిగుతూ నా ఇంటి వైపు చూసి ఏదో అనుకునేవాళ్ళు. టీ అంగడాయన గ్లాసు చేతికిచ్చి, ఇది ఆ బావి నీళ్ళతో పెట్టిందేనప్పా అన్నాడు. తాగాను. టీ వేరు, నీళ్ళు వేరు. నీళ్ళు మాత్రం నేను క్యానువే తాగేవాణ్ణి. మదనపల్లె మార్కెట్టుకు పోయినప్పుడు ఇరవై లీటర్ల క్యాను తెచ్చుకునేవాణ్ణి. ఆ రుచే వేరని అందరికీ చెప్పాను. క్యాను నీళ్ళకు దాహం కూడా త్వరగా తీరుతుంది. ముందు తెచ్చినవి ఎన్నాళ్ళు వచ్చేవో గానీ, చివరగా తెచ్చిన క్యాను మాకిద్దరికీ నెల వచ్చింది. ఆదిలక్ష్మి పొదుపు చూసి నాకే ముచ్చటేసింది.

చిట్టి మాత్రం పొదుపు ఎరగదు. పూటకు రెండు తొట్లు తాగేది. ట్యాంకరు నీళ్ళు దానికి చాలక, రోజూ పగ్గం తెంపుకుని, కంపను తొక్కుకుంటూ నారాయణస్వామి తొట్టి దగ్గరికే పోయేది. దాన్ని తోలుకురావడానికి నేనే నా కంప తీసి, దాటి, మళ్ళీ వేసుకోవాల్సి వచ్చేది. రోజుకు రెండుసార్లు. చేతులనిండా ముళ్ళు.

ఒక ఆదివారం పాల కేంద్రం అరుగు మీద పెద్దమనుషులు కూర్చుని నన్ను పిలిచారు. దారి వదలమన్నారు. నేను అప్పటికే ఆలోచించుకుని ఉన్నాను. నాలుగు మట్ల నీళ్ళు కాళ్ళ కింద నీళ్ళు, మనం నడిచేదీ ఉమ్మేదీ అన్నీ అందులోకే దిగుతాయి, ఊరికి రోగాలు రాకూడదనే కంప వేశానన్నాను. నీళ్ళు మంచివని తేలితే గెనిమ రిజిస్టరు చేసి ఇచ్చేస్తాను. చెడ్డవని తేలితే బావి మూల నాకు తిరిగివ్వాలి, చిట్టిని వాళ్ళు తోలుకుపోవాలి. రెంటికీ వాళ్ళు ఒప్పుకోవాలన్నాను.

నారాయణస్వామి ఒక అడుగు వెనక్కి వేశాడు. బావి పోతుందని కాదు, చిట్టి వస్తుందని భయపడ్డాడని నా అనుమానం. ప్రమీలమ్మ మాత్రం వెంటనే మాట్లాడింది.

"సరేప్పా. ఆ వాణమ్మను పిలిపిద్దాం. అందరి ముందర సూడనీ. మళ్ళా మాట తిప్పితే మాత్రం నీ టీవీ యాడుండిందో నువ్వూ ఆడికే పోతావు."

వాణి వచ్చింది. చిన్న గాజు సీసాలు తెచ్చింది, అడుగున ఏదో మందు పట్టీ ఉంది. నీళ్ళు పోసి మూత పెట్టి రెండు రోజులు కదపకుండా ఉంచాలి. నీళ్ళల్లో మలినం ఉంటే నల్లగా మారతాయి, లేకపోతే రంగు మారవు. ఒక సీసాలో బావి నీళ్ళు, ఒక దాంట్లో ట్యాంకరు నీళ్ళు పోసింది. నేను ఊరుకోలేదు. మంచి నీళ్ళంటే ఎట్లా ఉంటాయో జనం పక్కపక్కన పెట్టి చూడాలి కదా, నా క్యాను నీళ్ళు కూడా పోయండన్నాను. ఇంటికి పోయి క్యాను నేనే భుజాన పెట్టుకొచ్చాను. ఆదిలక్ష్మి వాకిట్లో నిలబడి, అదెందుకు, అవసరం లేదులే అని రెండుసార్లు అంది. నా కష్టం చూసి అంటోందనుకున్నాను.

మూడు సీసాలకు పేర్లు రాసి పాల కేంద్రం బీరువాలో పెట్టి తాళం వేశారు. బీరువా పాల కేంద్రం ఆయన దగ్గర, దాని తాళంచెవి ఉన్న డబ్బా ప్రమీలమ్మ దగ్గర, ఆ డబ్బా తాళంచెవి నా దగ్గర. రెండు రోజులు నేను ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగాను. బావి మూల వెనక్కి రాగానే మొదట ఆ గచ్చు మీద చెప్పులతో నడవాలని అనుకున్నాను.

మూడో రోజు పొద్దున పాలు పోసే వేళకు ఊరంతా వచ్చింది. బీరువా తెరిచారు. ట్యాంకరు సీసా నల్లగా ఉంది. బావి సీసా రంగు మారలేదు. క్యాను సీసా కూడా మారలేదు.

నేను నిరుత్సాహపడలేదు. చూశారా, క్యాను నీళ్ళు ఎట్లా ఉన్నాయో అన్నాను. బావి నీళ్ళు ఈ పొద్దు బాగున్నాయి సరే, రుచిలో, తేటలో క్యానుతో సమానమవుతాయా అని వాణిని అడిగాను. ఆమె సంచిలోంచి పెన్ను లాంటి మీటరు తీసింది. నీళ్ళల్లో ఉప్పులెంత ఉన్నాయో అది చెబుతుందట. బావి నీళ్ళల్లో ముంచింది. నాలుగు వందల పది. క్యానులో ముంచింది. నాలుగు వందల పది. మీటరు తుడిచి మళ్ళీ ముంచింది. మళ్ళీ అంతే.

ప్లాంటులో వడగట్టిన నీళ్ళయితే అరవై, డెబ్బై చూపించాలంది. ఈ క్యాను ఎప్పుడు తెచ్చారని అడిగింది. నెలయిందన్నాను. ఇంట్లో ఎందరంది. ఇద్దరమన్నాను. ఆమె నన్ను చూసింది. నా వెనక ఎవరో ఇరవై లీటర్లను ముప్పై రోజులతో భాగించడం మొదలుపెట్టారు.

"ఈ రెండూ ఒకే నీళ్ళు సార్" అంది వాణి.

అందరూ ఆదిలక్ష్మి వైపు తిరిగారు. ఆమె కొంగు నడుముకు దోపుకుంది.

"మూడో పొద్దుకే అయిపోయినాయి. నువ్వేమో ఆ బాయి నీళ్ళు ముట్టనంటివి. క్యాను కడిగి, నింపి పెట్టినా. ఎంత తియ్యగా ఉండాయో అని నాకే పోసి ఇస్తివి గదయ్యా" అంది.

కంప ఉండగా ఎట్లా పోయావని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"నీ కంప నువ్వొక్కడివే వేస్తివి. తీసేవాళ్ళు ఊరంతా ఉండారు. తెల్లారిజామున తీసి పోయొస్తాము, నువ్వు లేచేటప్పటికి మళ్ళా పెడతాము. నీ మర్యాద పోకూడదని."

నారాయణస్వామి ఒక్కడే నవ్వలేదు. అదీ మోసమే. నవ్వితే కనీసం కొట్లాడి ఉండేవాణ్ణి.

ఊరుకోలేక వాణిని ఆ పాత లెక్క అడిగాను. పన్నెండు వందల యాభైలో లేనివి ఇరవై ఎనిమిదిలో ఎట్లా వచ్చాయని. ఆమె, కుంటలో ఇంకిన నీళ్ళు పైపైనే, మెత్తటి మట్టిలో నిలబడి ఉంటాయి, కింద అంతా గట్టి రాయి అంది. మీరు నీళ్ళను దాటుకుని పోయి కింద వెతికినారు సార్ అంది. బోరు గొట్టం దించేటప్పుడు పైన ముప్పై నలభై అడుగులు కేసింగ్ వేసి మూసేస్తారు కదా, మూసిన చోటే నీళ్ళున్నాయంది. మర్యాదగానే చెప్పింది. ఆ రోజు నుంచి టీ అంగడి దగ్గర నన్నెవరూ పన్నెండు వందల యాభై అని చూపించడం లేదు. క్యాను అంటున్నారు.

మాట తప్పలేదు. సర్వేయరు వచ్చి గొలుసు పట్టాడు. గెనిమ ఒక్కటే సన్నగా ఉంది, బిందెలతో ఇద్దరు ఎదురుపడితే తప్పుకోవడానికి చోటు కావాలని ప్రమీలమ్మ రెండు పక్కలా కలిపి కొలిపించింది. నేను మూడుసార్లు కొలవమన్నాను. మూడోసారి ఒక గజం ఎక్కువే వచ్చింది, అప్పుడు చాలించమన్నాను. చిట్టిని కూడా తీసుకొమ్మని నారాయణస్వామిని అడిగాను, ఊరికే ఇస్తానన్నాను. వాళ్ళ కొట్టం గడప చిన్నదన్నాడు.

బావి మూల పదకొండు సెంట్లు, దారికి రెండున్నర సెంట్లు. మొత్తం పదమూడున్నర సెంట్లు పోయింది నాకు.